ఖైరున్ ఆపా తన మీద వేసుకున్న తప్పు

“చెప్పాలనుంటె నేను పోయినంక చెప్పుకో లచ్చవ్వా. ఇప్పుడైతె నోరు మూసుకొని ఆ కిటికి తెరువు.”

“తెరిచే ఉన్నది ఆపా.”

“మరి గాలెందుకు అస్తలేదే?”

ఖైరున్ ఆపాకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. పోయిన ఎండాకాలం, జగిత్యాలలో ఆమె అద్దె గదిలో, పొద్దున పది గంటల వేళ. నేను విసనకర్ర అందుకునేలోగా ఆమె కళ్లు మూసుకుంది. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి చూడటం నాకు నేర్పింది ఆమే. ఆ నాడి ఆగిందని కూడా ఆమె నేర్పిన వేళ్లతోనే తెలుసుకున్నాను.

ఈ ఉదయం పక్క చేనులో పత్తికి మందు కొడుతున్నారు. గాలి ఇటు తిరగగానే ఆ వాసన వంటింటి దాకా వచ్చింది. కుళ్లిన వెల్లుల్లిలో కిరసనాయిలు కలిపినట్టు ఉంటుంది అది. అన్నం వారుస్తున్నదాన్ని గిన్నె కింద పెట్టేశాను. గుండె పరుగెత్తింది, అరచేతులు చెమర్చాయి, నోరు ఎండిపోయింది. పదేళ్లు దాటింది, ఇప్పటికీ ఇంతే. నా తమ్ముడి కూతురు శ్రావణి జగిత్యాలలో ఫార్మసీ చదువుతోంది, సెలవులకు నా దగ్గరికి వచ్చింది. “అత్తమ్మా, గుండె, చెమట, ఉమ్మి, కంటిపాప, ఇవి మనం చెప్తె చేసేటివి కావు. వాటి నరాలు వేరే ఉంటయి. కొన్ని మందులు ఆ నరాలనే పట్టుకుంటయి” అని పుస్తకంలో బొమ్మ చూపించింది. నాకు సంతకం వరకే వచ్చు. కానీ ఆ బొమ్మలో ఉన్నది నాకు ముందే తెలుసు. ఖైరున్ ఆపా చెప్పింది. చెప్పిన మాట నాకు సరిగా ఎక్కకపోవడం వల్లే ఆమె బతుకు ఒక దారి పట్టింది, నాది ఇంకో దారి పట్టింది.

నా కొడుకు రాజు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. తన తండ్రిని చంపింది ఖైరున్ సిస్టరేనని వాడు చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాడు. అది నిజం కాదు. ఎదురుగా నిలబడి వాడికి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. రేపు వాడు ఇంటికి వస్తాడు. అందుకని ఇవాళ నేను చెబుతుంటే శ్రావణి రాస్తోంది.

అవి తెలంగాణ కోసం జనమంతా సమ్మెలో ఉన్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు. బడులు లేవు. కరెంటు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో తెలియదు. మా ఊరు కోనరావుపేట దగ్గర. మాకు రెండెకరాల పత్తి. నేను కోరుట్ల పుట్టింటి నుంచి తెచ్చుకున్న పని బీడీలు చుట్టడం. ముందు రోజు నేను కూడా ఊరి ఆడవాళ్లతో పోయి రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాను. అక్కడే పొయ్యి పెట్టి వండుకున్నాం, అక్కడే తిన్నాం, జై తెలంగాణ అని గొంతు పోయేదాకా అరిచాం. ఇంటికి వచ్చాక మా ఆయన మల్లయ్య ఎగతాళి చేశాడు. “తెలంగాణ అచ్చెదాక రోడ్డు మీదనే ఉంటవనుకున్న. మీరైతె సమ్మె చేస్తున్నరు గని పురుగు చేస్తలేదు, పత్తిని తింటనే ఉన్నది.”

తెల్లవారగానే పంపు వీపున వేసుకుని చేనుకు పోయాడు. ఆ పంపు మూత దగ్గర కారుతుంది. కారిన మందుతో అంగీ వీపంతా తడిసినా ఎండకు చల్లగా ఉందని విప్పలేదట. పది దాటాక గట్టు మీద కూలబడ్డాడు. నేను ఉరికి పోయేసరికి కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, నోటి నుంచి నురగ. పంచె తడిసిపోయింది. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. పక్కింటివాళ్ల ఆటోలో వేసుకుని నేనూ, మా అత్తా సిరిసిల్లకు బయలుదేరాం. దారిలో రోడ్డు మీద బండరాళ్లు, మనుషులు. మమ్మల్ని చూసి వాళ్లే బండలు దొర్లించారు, ఆటోను తోసి అవతలికి పంపారు. “భయపడకక్కా, జల్ది పో” అన్నాడొకడు. వాళ్ల మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. ముందు రోజు అలాంటి బండల పక్కనే కూర్చున్నదాన్ని.

అది ఎనిమిది మంచాల ఆసుపత్రి. పేరు అక్కర్లేదు, ఇప్పుడు లేదు కూడా. డాక్టరు పొద్దున్నే వేములవాడ వైపు ఎవరినో చూడటానికి పోయి తిరుగుదారిలో చిక్కుకున్నాడు. పనివాళ్లెవరూ రాలేకపోయారు. ఉన్నది ఒక్క సిస్టరు. ఆమె ఇల్లు కోరుట్లలో. బస్సులు ఆగిన నాటి నుంచి ఇంటికి పోలేక ఆసుపత్రిలోనే వండుకు తింటోంది. పొట్టి మనిషి, యాభై ఏళ్లుంటాయి. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకుంది. అందరూ అక్క అన్నట్టు ఖైరున్ ఆపా అంటారని తర్వాత తెలిసింది. మమ్మల్ని చూసి ముందు అడిగింది ఒకటే.

“తాగిండా?”

“లేదమ్మా, చేన్ల కొట్టిండు. అంగి మీద పడ్డది.”

“పోలీసోళ్లకు భయపడి అబద్ధం చెప్తె మనిషి పోతడు. నిజం చెప్పు.”

“నా కొడుకు మీద ఒట్టు. తాగలే.”

ఆటో ఎక్కిన దగ్గర్నుంచి చూసిన ప్రతివాడూ ఎందుకు తాగాడనే అడిగాడు. నా మాట నమ్మిన మొదటి మనిషి ఆమె. అంగీ కత్తెరతో కోసి బయట పడేయించింది. “తోలు తాగింది. ఇంక తాగుతనే ఉన్నది. కడుగుండ్రి” అని మా చేత సబ్బుతో ఒళ్లంతా కడిగించింది. అటు చిన్న గాజు సీసాల మెడలు విరుస్తూ సూది మీద సూది వేసింది. ప్రతి సూదికీ కాసేపు ఆగి ఛాతీ మీద గొట్టం పెట్టి వినేది, కనురెప్ప ఎత్తి చూసేది, ఆఖరుకు చంకలో చెయ్యి పెట్టేది. అత్త ముందర నేను మొహం తిప్పుకున్నాను.

“నీ మొగని చంకల నేను చెయ్యి పెడుతుంటె నువ్వెందుకే సిగ్గువడుతున్నవ్? నాకేమన్న సరదానా?” అంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసే కాబోలు, చెప్పొచ్చు ఈమెకు అనుకుంది.

“ఇగ ఇను. మనం ఇప్పకున్నా నీళ్లు పారే నల్లాలు ఒంట్లె చాన ఉంటయి. కండ్లల్ల నీళ్లు, నోట్లె ఉమ్మి, చెమట, ఊపిరితిత్తులల్ల తడి. గా పురుగుమందు అన్నిటిని ఒక్కసారె ఇప్పుతది. మనిషి తన నీళ్లల్ల తనే మునుగుతడు. గీ సూది నల్లాలు కట్టేస్తది. గని మందు లోపల్నే ఉంటది, మళ్ల ఇప్పుతది. మళ్ల కట్టాలె.”

గంట గడిచేసరికి ఆయన ఒళ్లు పొడిబారింది. నురగ ఆగింది. ఆవగింజంత ఉన్న పాపలు నల్లగా విచ్చుకున్నాయి. ముఖం ఎర్రబడింది, ఒళ్లు పెనంలా కాలింది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో మెడ మీద కనబడుతోంది. ఉన్నట్టుండి చేతులు పైకెత్తి గాలిలో పత్తి ఏరడం మొదలుపెట్టాడు. వేళ్లతో గింజను లాగినట్టు లాగి, లేని ఒడిలో వేసుకుంటున్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అత్త దయ్యం పట్టిందని ఏడుపు అందుకుంది. నేను ఆపా చెయ్యి పట్టుకున్నాను.

“సిస్టరమ్మా, పిచ్చి లేసిందా?”

“సూది జర ఎక్కువైంది. ఫికర్ లేదు. తక్కువైతె చస్తడు, ఎక్కువైతె పత్తి ఏరుతడు. ఏరనియ్యి.”

అప్పుడే పక్క గదిలో అరుపులు మొదలయ్యాయి. ఎక్కడికీ పోయే దారి లేక అక్కడికే తెచ్చిన కాన్పు మనిషి. ఆపా అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసింది. నా భుజం పట్టుకుంది.

“నువు కూసోని చూస్తుండు. మనిషి పొడిగుండాలె. పొడిగున్నంతసేపు భయం లేదు. అర్థమైందా?”

“అర్థమైంది.”

నాకు అర్థమైంది ఏమిటంటే, ఆయన్ను పొడిగా ఉంచడం నా పని అని. చుట్టిన బీడీకి తడి తగిలితే బూజు పడుతుంది. తడిని దగ్గరికి రానివ్వకపోవడం చిన్ననాటి నుంచీ నా చేతులకు తెలిసిన పని. సిస్టరమ్మ సూదితో ఆరబెట్టింది, ఇక మిగిలింది నేను చూసుకోవాలి అనుకున్నాను.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కాసేపటికి ఆయన నుదుటి మీద సన్నటి చెమట చుక్కలు కనబడ్డాయి. కొంగుతో అద్దాను. మెడ మీద పట్టింది, తుడిచాను. మళ్లీ పట్టింది. అట్టముక్కతో విసురుతూ తుడిచాను. నోటి మూల తడి కారితే తుడిచి, దిండు తడిస్తే తిరగేశాను. సిస్టరమ్మ చంకలోనే కదా చూస్తుంది, అక్కడ తడి ఉంటే ఎట్లా అనుకున్నాను. కాన్పు మనిషి తల్లి, పుట్టబోయే బిడ్డకని తెచ్చిన పౌడరు డబ్బా కిటికీలో పెట్టింది. అడిగితే పాపం కాదనలేదు. చంటిపిల్లలకు అద్దినట్టు ఆయన రెండు చంకల్లోనూ మెత్తగా అద్దాను.

గది గుమ్మం అవతలి నుంచి ఆపా కేక వేసింది. “లచ్చవ్వా, పొడిగున్నడా?”

“పొడిగున్నడు సిస్టరమ్మా!” అన్నాను. పని బాగా చేస్తున్నానన్న గర్వం కూడా ఉంది నా గొంతులో. కొంతసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను.

“ఇంక పత్తి ఏరుతుండా?”

“లేదు, పండుకున్నడు.”

అంతలో కాన్పు మనిషి గట్టిగా అరిచింది. “అస్తున్న, ఇగ అయిపోయింది” అంది ఆపా.

ఆయన పడుకోలేదు. ఛాతీలో హుక్కా గుడగుడ లాంటి చప్పుడు వినబడింది. పెదాలు నీలమయ్యాయి. నేను అరిచిన అరుపుకు ఆపా తడి చేతులతోనే ఉరికొచ్చింది. చంకలో చెయ్యి పెట్టి తీసింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి. బొటనవేలితో రుద్ది వాసన చూసింది. తర్వాత నా కొంగు చూసింది. అది నా ఒడిలో తడి ముద్దలా ఉంది. అప్పటిదాకా ఆమె కళ్లలో భయం లేదు. అప్పుడు చూశాను. సీసాలు విరుగుతూనే ఉన్నాయి, గొంతులో గొట్టం పెట్టి నీరు లాగుతూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి అంతా ఆగిపోయింది. పక్క గదిలో పసిబిడ్డ ఏడుస్తోంది. బయట రోడ్డు మీద డప్పులు మోగుతున్నాయి.

అరగంటకు డాక్టరు వచ్చాడు. ఎవరిదో బండెక్కి పొలాల మీదుగా వచ్చినట్టున్నాడు, ప్యాంటు నిండా బురద. కాగితం చూశాడు.

“సూదికి సూదికి మధ్యన ఇంత గ్యాప్ ఎందుకొచ్చింది?”

ఆపా కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. “కాన్పు చూసిన సార్. ఇటు చూసుకోలె. తప్పు నాదే.”

మా అత్త లేచి ఆమె కోటు పట్టుకుంది. “నా కొడుకును మింగితివి గదనే! నీ చేతులు పడిపోను!” అని గుంజింది. ఆపా గుంజనిచ్చింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఒక్క మాట చాలు, నేను తుడిచాను అని. గొంతు దాకా వచ్చింది. మొగుణ్ని చంపుకున్నదని ఊరు అంటుందనీ, రాజును నా నుంచి లాక్కుంటారనీ భయం. కొంగును ఇంకా గట్టిగా ముద్ద చేసి పట్టుకున్నాను. ఆ వారంలోనే ఆమె పని పోయింది. బస్సులు నడిచిన మొదటి రోజే కోరుట్ల వెళ్లిపోయిందని విన్నాను.

అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఎవరైనా తలుపు కొడితే, తెలిసిపోయింది, అడగడానికి వచ్చారు అనిపించేది. ఆరు నెలలు అట్లా గడిచాక పుట్టింటికి పోయినప్పుడు కోరుట్లలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

“ఎవరు?”

“కోనరావుపేట లచ్చవ్వను.”

“ఆఁ. కూసో. చాయ్ తాగుతవా?”

చాయ్ ముట్టకుండా అంతా చెప్పేశాను. ఆమె చాట మీంచి తల ఎత్తలేదు.

“పౌడరు వాసన నాకు ఆనాడే అచ్చింది” అంది.

“మరి డాక్టరుకు ఎందుకు చెప్పలే ఆపా?”

“ఏమని చెప్పాలె? పొడిగుండాలె అన్న, నువు పొడిగుంచినవ్. అర్థమైందా అని అడిగిన, అర్థమైంది అన్నవ్. గట్ల అడిగితె ఎవరైనా గట్లనే అంటరు, పిచ్చిదానా. ‘నేనేం చెప్పిన్నో నువు నాకు చెప్పు’ అని అడగాలె. ముప్పై ఏండ్లు చేసిన గీ పని. అడగలే. గది నా తప్పు.”

“నేను తుడవకపోతె బతుకుతుండెనా?”

బియ్యంలోంచి రాయి ఏరి పడేసింది. “తెల్వది. బతుకుతుండె అంటె నువ్వు చస్తవ్. బతకకపోతుండె అంటె అబద్ధమైతది. తెల్వది లచ్చవ్వా. నీ తప్పు నువ్వు మొయ్యి, నాది నాకు విడువు.”

ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. అయినా ఆ రాత్రి మా అమ్మ ఇంట్లో నేను నిద్రపోయాను.

తర్వాతి ఏడాది జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో ఆమెకు పని దొరికింది. నన్ను ఆయాగా పెట్టించింది. ఎందుకని ఎవరో అడిగితే, “దీని చేతులు మంచియి, నెత్తే జర మట్టిది” అందట. గడియారం చూసి నాడి లెక్కపెట్టడం రాకపోతే బీడీ కట్టల లెక్కన నేర్పింది. ఒక్క దెబ్బకు ఒక్క బీడీ, కట్టకు ఇరవై ఐదు బీడీలు. మందు సోకినవాళ్లకు సన్న ముల్లు ఒక్క చుట్టు తిరిగేలోగా మూడు కట్టలకు తగ్గితే పిలువు, ఐదు దాటితే పిలువు. టార్చి వేసి కంటిపాప చూడటం నేర్పింది. ముందు చూడు, నాకు చూపించు, ఆ తర్వాతే తుడువు అనేది. పురుగుమందు కేసు వచ్చిందంటే ఇంటికి పోతానని ఏడ్చేదాన్ని. “భయపడు. భయపడేటోళ్లే సరిగ చూస్తరు. భయాన్ని దాచుకున్నవో, అప్పుడు ఎల్లగొడత” అనేది.

ఒకసారి వీర్నపల్లి నుంచి బంధువుల ఊరికి కూలికి వచ్చిన ముసలాయనకు చేనులో మందు సోకింది. కొడుకు పక్కన కూర్చున్నాడు. చదువుకున్నవాడు, ప్యాంటు జేబులో పెన్ను కూడా ఉంది. ఆపా అంతా చెప్పి, “నేనేం చెప్పిన్నో చెప్పు” అంది. “చెమట వస్తె మంచిగ తుడిచి పొడిగ ఉంచాలె మేడం” అన్నాడు వాడు. ఆపా నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. మూడోసారికి వాడు, చెమట కనబడితే తుడవకుండా పిలవాలని సరిగా చెప్పాడు. ఆ ముసలాయన వారం తర్వాత నడిచి బస్సెక్కాడు. నేను వెనక మెట్ల మీద కూర్చుని గుండె పగిలేలా ఏడ్చాను.

మా అత్త దగ్గర పెరిగిన రాజు పెద్దవాడయ్యాక ఒకరోజు నన్ను ఇంటికి తీసుకుపోవడానికి ఆ ఆసుపత్రికి వచ్చాడు. నేను ఎవరి దగ్గర పని చేస్తున్నానో వాడికి చెప్పలేదు. పేరు విని గుర్తుపట్టాడు. మా అత్త బతికున్నన్నాళ్లూ ఆ పేరును తిట్టకుండా అన్నం తినలేదు మరి. అందరి ముందరా అడిగాడు.

“మా నాయన్ను చంపింది నువ్వే గదా?”

“అవును బేటా” అంది ఆపా. “ఎండల అచ్చినవ్, నీళ్లు తాగు.”

వాడు తాగలేదు. నేను బకెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రెండోసారి కూడా నోరు రాలేదు. వాడు వెళ్లాక ఆమె కాళ్ల దగ్గర కూలబడి, రేపే చెప్పేస్తానన్నాను. “వానికి ఉన్నది ఒక్క అమ్మ. దాన్ని గూడ తీస్తవా? నేనుండంగ చెప్పకు” అంది. ఆ మాట మీద చివరిదాకా ఉంది. ఆమెను మట్టిలో పెట్టిన రోజు రాజుకు ఫోన్ చేశాను. “పోతె పోనీ” అన్నాడు.

రాజూ, ఇక నీకు చెబుతున్నాను. మీ నాయన చెమట తుడిచింది నేను. దిండు తిరగేసింది నేను. చంకలో పౌడరు అద్దింది నేను. పొడిగా ఉన్నాడని రెండుసార్లు అరిచి చెప్పింది నేను. ఆ సిస్టరమ్మ అది చేత్తో తాకి చూసి కూడా నా పేరు చెప్పలేదు. ఇది విన్నాక నువ్వు మళ్లీ ఈ ఇంటికి రాకపోవచ్చు. ఆ భయం ఇప్పుడు కూడా నా గుండెలో కొట్టుకుంటోంది, లెక్కపెడితే ఐదు కట్టలు దాటేలా ఉంది. అయినా నేను ఎవరికి ఏ మాట చెప్పినా తిరిగి చెప్పించుకోకుండా వదలడం మానేసి చాలా ఏళ్లయింది. నీ విషయంలోనూ వదలను.

“శ్రావణీ, అర్థమైంది అత్తమ్మా అనకు. గట్ల తల ఊపకు. నేను చెప్పిందే రాసినవో, నా మీద పావురంతోని, ప్రేమతోని నువ్వేమన్న మెత్తగ చేసినవో నాకు తెల్వాలె. మొదటికెల్లి సదువు బిడ్డా. పౌడరు కాడ ఆగకు.”